మనస్సాక్షా, వృత్తిధర్మమా, అయ్యగారూ?

మా ఇంట్లో తొమ్మిది రోజులుగా నా కాఫీలో పంచదార పడటం లేదు. నాకు షుగరు జబ్బు లేదు. డబ్బా ఖాళీ కాలేదు. మా ఆవిడ గ్లాసులో రెండు చెంచాలు పడుతున్నాయి. అడుగున కరగని పలుకులు నా కళ్లతో చూశాను. ఎందుకని అడిగితే చెప్తుంది. అడగడానికే ధైర్యం చాలడం లేదు. ముప్పై ఆరేళ్లుగా గుంటూరు కోర్టుల్లో సీఐలనీ ఎస్సైలనీ బోనులో నిలబెట్టి నీళ్లు తాగించినవాణ్ణి, వంటింటి గుమ్మం దగ్గరికొచ్చేసరికి నాలుక పిడచగట్టుకుపోతుంది.

నేను చేసిన నేరం ఇది: సంక్రాంతికి ముందు ఒక వకాల్తా పుచ్చుకున్నాను. కట్నం వేధింపుల కేసు. పుచ్చుకున్నది అమ్మాయి తరఫున కాదు, అబ్బాయి తరఫున.

కోర్టు భాషలో దీన్ని ఫోర్ నైంటీ ఎయిట్ ఎ అంటాం. 1983లో శిక్షాస్మృతిలో చేర్చారు. 2024 జులై 1 నుంచి కొత్త సంహితలో అది 85వ సెక్షనయింది గానీ, మా బార్ రూములో ఎనభై అయిదంటే ఇప్పటికీ ఎవరూ తలెత్తరు. ఫోర్ నైంటీ ఎయిట్ అంటే నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు.

ముందు మా గుమాస్తా గురించి చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా నా దగ్గరే ఉన్నాడు. కొత్త పార్టీ ఎవరైనా వచ్చి వరండాలో కూర్చుంటే, వీడు తలుపు సందులోంచి తల లోపలికి పెట్టి గొంతు తగ్గించి అడుగుతాడు: “మనస్సాక్షా, వృత్తిధర్మమా, అయ్యగారూ?”

వినేవాళ్లకి లోపలేదో వేదాంత చర్చ నడుస్తోందనిపిస్తుంది. అసలు సంగతి చెప్పేస్తాను, ఎలాగూ ఒప్పుకోలు పత్రమే కదా ఇది. పార్టీ ఫీజు ఇచ్చుకోలేడనిపిస్తే నేను “మనస్సాక్షి” అంటాను. వాడు బయటికి పోయి, “ఇలాంటి కేసుకి అయ్యగారి మనస్సాక్షి ఒప్పుకోదండీ, ఏమీ అనుకోకండి” అని సాగనంపుతాడు. ఇచ్చుకోగలవాడైతే “వృత్తిధర్మం” అంటాను. అప్పుడు కుర్చీ వేస్తాడు, టీ చెప్తాడు. “ఎంత ఘోరం చేసినవాడికైనా వకీలుండాలండీ, అది రాజ్యాంగం ఇచ్చిన హక్కు, ఆ విషయంలో మా అయ్యగారు రాజీ పడరు” అంటాడు. ఇరవై రెండో అధికరణం అని నంబరుతో సహా చెప్తాడు. నేర్పింది నేనే.

ఆ లెక్కన, ఊరవతల బోరు మోటారు ఎత్తుకెళ్లాడని పట్టుకొచ్చిన కుర్రాడి తల్లి అయిదు వందల నోటు, సంచీడు బెండకాయలు పట్టుకొస్తే నా మనస్సాక్షి కుతకుతలాడిపోయింది. రైతు సొమ్ము దొంగిలించినవాడికి నేను వకాల్తా వేయడమా అని. (బెండకాయలు ఉంచుకున్నాం. లేతగా ఉన్నాయి.) ఆ మరుసటి నెలలోనే, మిరప విత్తనాల పేరుతో నకిలీవి అమ్మాడన్న ఆసామి కారులో వచ్చాడు. ఆ విత్తనాలు వేసి మునిగినవాళ్లూ రైతులే. కానీ అతని చేతి సంచీ చూడగానే నాకు రాజ్యాంగం గుర్తొచ్చింది.

బార్ కౌన్సిల్ నియమాల పుస్తకం నా బల్ల మీదే ఉంటుంది. తన స్థాయికీ కేసు తీరుకీ తగిన ఫీజు ఇస్తే వకీలు ఆ కేసు పట్టుకోవాల్సిందే అని అందులో ఉంది. ఆ వెంటనే, ప్రత్యేక పరిస్థితులుంటే కాదనవచ్చనీ ఉంది. ఈ రెండు ముక్కల మధ్య నా బతుకు హాయిగా గడిచిపోయింది. వాడు నేరం చేశాడని నీ మనసుకి తోచినా సరే, నిందితుడి పక్కన నిలబడాలనీ ఉంది. ఇంకాస్త కిందికి పోతే, ఇచ్చుకోలేనివాడికి ఉచితంగా సాయపడటం వకీలుకి ఉన్న పెద్ద బాధ్యతల్లో ఒకటనీ ఉంది. నా పుస్తకంలో సరిగ్గా అక్కడే రెండు పేజీలు అంటుకుపోయాయి.

ఇక ఈ కేసు. పార్టీ వివరాలు బయట పెట్టకూడదు కాబట్టి ఊరు మార్చాను, ఉద్యోగం మార్చాను, చివరికి గొడవకి మూలమైన కారు రంగు కూడా మార్చాను. మిగిలినవి సున్నుండలు. వాటిని మార్చడానికి మనసు రాలేదు.

ఆ సాయంత్రం అబ్బాయి తల్లి మా బ్రాడీపేట ఇంటికి వచ్చింది. కేసులో ఆవిడ ఏ-2. స్టీలు డబ్బా, మూత మీద గుడ్డ కట్టి, లోపల సున్నుండలు. పొట్టు మినుములు దోరగా వేయించి విసిరి, బెల్లం కలిపి, పట్టుకుంటే వేళ్లకి నెయ్యి అంటేలా చుట్టినవి. నేనింకా కోర్టు నుంచి రాలేదు. అందుకని ఆవిడ మా ఆవిడ పక్కన కూర్చుని గోడు వెళ్లబోసుకుంది.

“మేం నోరు తెరిచి ఏమీ అడగలేదు వదినగారూ. బెంగళూరులో ఆఫీసు దూరం, పిల్లాడు క్యాబుల్లో తిరగలేక నలిగిపోతున్నాడు అన్నాం, అంతే. పిల్లనిచ్చినవాళ్లు ఆమాత్రం అర్థం చేసుకోవద్దూ?”

ఈ మాట ఆవిడ నాతో అని ఉంటే నేనిక్కడ రాయకూడదు. పార్టీ వకీలుతో చెప్పుకున్నది వకీలు గొంతు దాటకూడదు. పాత సాక్ష్య చట్టంలో 126, కొత్తదాంట్లో 132. కానీ చెప్పింది నాతో కాదు, మా ఆవిడతో. మా ఆవిడ వకీలు కాదు. కాబట్టి రాయవచ్చు. ఇలాంటి సందులు వెతకడంలోనే నా జుట్టు నెరిసింది.

నేను వచ్చేసరికి డబ్బా బల్ల మీద ఉంది. మా ఆవిడ ముట్టుకోలేదు. కాళ్లు కడుక్కుని వచ్చి ఒకటి నోట్లో వేసుకున్నాను. రెండోది తింటుండగా ఆవిడ ఆ మాటలు చెప్పింది, అక్షరం పొల్లుపోకుండా. చెప్పి ఊరుకోకుండా నా మొహంలోకి చూసింది. నేను మూడోది తీసుకున్నాను. రాత్రి పడుకునేలోగా మొత్తం పదకొండు తిన్నాను. మనసు బాగాలేనప్పుడు నాకు ఆకలెక్కువ.

ఎందుకలా చూసిందో నాకు తెలుసు. అది తర్వాత. ముందు నా డిఫెన్సు వినండి, ఏ నిందితుడికైనా ఆ హక్కుంది.

“చూడూ,” అన్నాను మంచం మీద కూర్చుని, కోర్టు గొంతుతో. “మనసుకి నచ్చడం వేరు, వృత్తి వేరు. ఆ కుర్రాడు అడిగి ఉంటాడని నాకూ అనిపించవచ్చు. తేల్చాల్సింది నేనా, మెజిస్ట్రేటా? నేనే తేల్చేసి పొమ్మంటే ఇక కోర్టెందుకు? కోయంబత్తూరులో పోలీసులతో గొడవపడ్డ వకీళ్లు, ఆ పోలీసుల తరఫున ఎవ్వరూ నిలబడకూడదని తీర్మానం చేశారు. 2010 డిసెంబరులో సుప్రీంకోర్టు ఏమందో తెలుసా? దేశంలో ఏ బార్ అసోసియేషన్ ఇలాంటి తీర్మానం చేసినా చెల్లదు పొమ్మంది. ముంబైలో అంతమందిని చంపిన కసబ్‌కి కూడా కోర్టే వకీలుని పెట్టింది.”

“మరి మీకేమనిపిస్తోంది? అడిగాడా, అడగలేదా?”

“అది అప్రస్తుతం.”

“నేను పీపీని కాను, పెళ్లాన్ని. నాకు అదే ప్రస్తుతం.”

ఇలాంటి చోట పెద్దవాళ్ల పేర్లు వాడటం నాకు అలవాటు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ని మణియాచ్చి స్టేషన్లో రైలు పెట్టెలోనే కాల్చి చంపారు. తెల్లదొరని చంపిన కేసు. ఆ కేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డ వకీళ్లలో మన టంగుటూరి ప్రకాశం పంతులు ఒకరు. “ప్రకాశం గారు ఆ రోజు నీలాంటివాళ్ల మాట విని ఉంటే?” అన్నాను.

“ఆయన 1928లో మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపించాడు. మీరు మొన్న బల్లి పడిందని స్నానం సగంలో బయటికొచ్చారు,” అంది, దుప్పటి మడతపెడుతూ.

చివరికి మిర్చి యార్డు దారిలో ఉన్న ధర్మకాటాని సాక్ష్యానికి పిలిచాను. లారీ ఎక్కితే కాటా బరువు చెప్తుంది. సరుకెవరిది, న్యాయంగా వచ్చిందా, డ్రైవరు మంచివాడా తాగుబోతా, ఏదీ అడగదు. వకీలూ అంతే, అన్నాను. ఉపమానం బాగా కుదిరిందని నాకే ముచ్చటేసింది.

“కాటాకి సున్నుండలు పెడితే తినదు,” అంది. లైటు ఆర్పేసింది.

చీకట్లో పడుకుని ఆ ధర్మకాటా గురించే ఆలోచించాను. ధర్మం అనే మాటని మనవాళ్లు అరిగిపోయేలా వాడారు. ముష్టి వేస్తే ధర్మం. డబ్బు పుచ్చుకోకుండా మందిస్తే ధర్మాసుపత్రి. కొండ మీద గంటల తరబడి క్యూలో నిలబెట్టి చూపిస్తే ధర్మదర్శనం. లారీని తూస్తే ధర్మకాటా. పక్కన అటు తిరిగి పడుకున్నావిడ సహధర్మచారిణి. ఇంగ్లీషువాడు మొరాలిటీకి ఒక డబ్బా, ఎథిక్స్‌కి ఒక డబ్బా విడివిడిగా పెట్టుకున్నాడు. ఒకటి నీ లోపల నిన్ను పొడిచేది, రెండోది నీ పని నీకు రాసిచ్చేది. మనం రెండింటినీ ఒకే డబ్బాలో పోసి ధర్మం అని చీటీ అంటించాం. నాలాంటివాడికి ఇంతకంటే సుఖమేముంది? చెయ్యి లోపలికి పెట్టి, ఆ పూటకి ఏది తగిలితే అది తీసి చూపించవచ్చు.

మా ఆవిడ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైంది. మర్నాడు పొద్దున చప్పటి కాఫీ మొదటి గ్లాసుతోపాటు కన్యాశుల్కం తెచ్చింది. గురజాడ 1909లో తిరగరాసిన దాంట్లో సౌజన్యారావు పంతులు ఉన్నాడు కదా, ఆయనా వకీలే. యాంటీ నాచ్ మనిషి, వేశ్యల నీడ కూడా పడకూడదని పట్టుబట్టినవాడు. లుబ్ధావధాన్లు లేని హత్యలో ఇరుక్కున్నాడు. చచ్చిందంటున్న పెళ్లికూతురు అసలు ఆడపిల్లే కాదన్న రహస్యం మధురవాణి దగ్గర ఉంది. ఆమె అడిగిన వెల ఒక ముద్దు. వ్రతం నిలబెట్టుకోవాలా, ముసలాణ్ణి కాపాడాలా? పంతులు నలిగిపోతాడు. మధురవాణే జాలిపడి ఆయన వ్రతం చెడకుండా వదిలేస్తుంది.

“అదీ ధర్మసంకటమంటే,” అంది. “సొంత నీతి పోగొట్టుకుంటేగానీ ఎదుటివాడు బతకడన్నప్పుడు వస్తుంది. మీకు సంకటం ఎక్కడొచ్చింది? కేసూ వచ్చింది, ఫీజూ వచ్చింది, సున్నుండలూ వచ్చాయి.”

“ఆ నాటకంలో నేనెవర్నంటావు?” అని అడిగే పొరపాటు చేశాను.

“రామప్పంతులు,” అంది. ఒక్క క్షణం ఆలోచించినా బాగుండేది.

ఇప్పుడు ఆ చూపు సంగతి.

మా పెళ్లి 1991 మే నెలలో. మామగారు పొన్నూరులో లెక్కల మాస్టారు. నిశ్చయానికి వెళ్లినప్పుడు మా నాన్న ఆయనతో అన్న మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది. “మేం ఏమీ అడగం మాస్టారూ. మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం. మావాడు ఈ ఎండల్లో కోర్టుకి నడిచి వెళ్తున్నాడు, అదొక్కటే మా బాధ.”

లెక్కల మాస్టారికి లెక్క వెంటనే అర్థమైంది. పీఎఫ్ మీద అప్పు తీశారు. పెళ్లినాడు విడిదింటి ముందు లేత నీలం రంగు బజాజ్ చేతక్, హ్యాండిల్‌కి బంతిపూల దండ, ముందు చక్రం కింద నిమ్మకాయ. చిన్నపిల్లలు ఒకడి తర్వాత ఒకడు హారన్ నొక్కుతుంటే నేను పెళ్లిపీటల మీద కూర్చుని కూడా ఆ చప్పుడే విన్నాను, మంత్రాలు వినలేదు.

అప్పటికి నేను ప్రాక్టీసు పెట్టి రెండేళ్లు. చట్టం బాగా తెలిసిన వయసు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలో, ఎవరూ అడగకుండా ఇచ్చిన బహుమతి కట్నం కాదు, దాన్ని జాబితాలో రాసిపెట్టుకుంటే. ఆ జాబితా ఎలా రాయాలో చెప్పడానికి 1985లో రూల్సు వచ్చాయి: వస్తువేమిటి, విలువ సుమారు ఎంత, ఎవరిచ్చారు, వరసేమిటి, కింద వధూవరుల సంతకాలు. ఎవరూ ఆ జాబితా రాయగా నేను చూడలేదు. నేను రాశాను. నా చేత్తో నేనే టైపు కొట్టాను. “బజాజ్ చేతక్ స్కూటరు - ఒకటి. ఇచ్చినవారు: వధువు తండ్రి. కారణం: వాత్సల్యం.” కారణం అన్న గడి రూల్సులో లేదు. అదనపు జాగ్రత్తకి నేనే చేర్చాను.

తలంబ్రాలయ్యాక పెళ్లికూతురి చేతికి పెన్నిచ్చి సంతకం పెట్టమన్నాను. ఆ అమ్మాయి పెళ్లి రిజిస్టరు అనుకుంది. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది. సంతకం పక్కనే బొటనవేలంత పసుపు మరక. నీలం సిరా కాస్త వెలిసింది గానీ పసుపు చెక్కుచెదరలేదు.

మామగారు ఆ అప్పు జీతంలోంచి నలభై వాయిదాల్లో తీర్చారని నాకు పదేళ్ల తర్వాత తెలిసింది. పెళ్లయిన మూడో నెలలో ఆయన గుంటూరు వస్తే, అదే బండి మీద ఎక్కించుకుని బస్టాండులో దింపాను. దిగి, సీటు మీద చెయ్యి వేసి, “బండి బాగుంది బాబూ” అన్నారు. అప్పటికి వాయిదాలు రెండు కట్టి ఉంటారేమో.

అదీ ఆ చూపు. బెంగళూరులో ఆఫీసు దూరం, గుంటూరులో ఎండ.

సంక్రాంతి సెలవులకి మా అమ్మాయి వచ్చింది. విశాఖలో లా చదువుతోంది. ఇంట్లోకి రాగానే ఇరుపక్షాలూ వాదనలు వినిపించాం. భోగినాడు పొద్దున మంట దగ్గర చలి కాచుకుంటూ తీర్పు చెప్పింది.

“కేసు తీసుకోవడం నాన్న తప్పు కాదమ్మా. ఆ అబ్బాయికీ వకీలుండాలి. ఏడేళ్లలోపు శిక్షపడే కేసుల్లో కళ్లు మూసుకుని అరెస్టు చేయొద్దని 2014లో అర్నేశ్ కుమార్ తీర్పు వచ్చింది ఇలాంటి కేసులోనే. రేపు అబద్ధపు కేసని తేలితే?”

నేను శాలువా సవరించుకున్నాను. మా ఆవిడ పిడక ఒకటి మంటలోకి గట్టిగా విసిరింది.

“కానీ నాన్నా, ఆ అమ్మాయే ముందు నీ దగ్గరికి వచ్చి ఉంటే?”

“ఆమె తరఫున తీసుకునేవాణ్ణి.”

“మనస్సాక్షి కొద్దీనా?”

నేను మాట్లాడలేదు.

“గుమాస్తా గారికి ఫోన్ చేసి అడగనా?” అంది.

మంట చిటపటలాడింది. నాకు పొగ కళ్లలోకి వచ్చింది, నిజంగానే.

“సరే, అది వదిలెయ్. రేపు ఆ అమ్మాయి బోనెక్కితే క్రాస్‌లో ఏమడుగుతావు?”

నేను నోరు విప్పేలోపు మా ఆవిడ అంది: “2009లో అడిగినట్టు అడుగుతారు.”

పదహారేళ్లు ఈ మాట ఎక్కడ దాచుకుందో తెలియదు. 2009లో ఇలాంటి కేసే. నేను అబ్బాయి పక్షమే. కారణాలూ, ఖర్చులూ, తేదీలూ అడుగుతూ అడుగుతూ, మధ్యలో ఉన్నట్టుండి, పెళ్లికి ముందు నీకు మగ స్నేహితులు ఎంతమంది అని అడిగాను. ఆ ప్రశ్నకీ కేసుకీ సంబంధం లేదు. పీపీ లేచి అభ్యంతరం చెప్పేలోపు మాటలు కొద్దిగా మార్చి మళ్లీ అడిగాను. మూడోసారి కూడా. ఆ అమ్మాయి నా వైపు చూడలేదు, వెనక బెంచీ మీద కూర్చున్న తండ్రి వైపు చూసింది. ఆయన వంగి చెప్పు పట్టీ సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. తెగని పట్టీని అంతసేపు సరిచేసుకున్నవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

బార్ రూములో నాకు భుజాలు తట్టారు. ఒకాయన మిర్చిబజ్జీలు తెప్పించాడు. ఆ ఊపులో ఇంటికొచ్చి భోజనాల దగ్గర అంతా నటించి చూపించాను, మూడుసార్లు అడిగిన మూడు విధాలూ. మా ఆవిడ తన కంచం తీసుకుని వంటింట్లోకి పోయి పీట మీద కూర్చుని తింది. నేను కూరలో ఉప్పెక్కువై కోపమొచ్చిందేమో అనుకున్నాను.

నియమాల పుస్తకంలో దీని గురించి కూడా ఉంది, అంటుకోని పేజీలోనే. వకీలు పార్టీ చేతిలో బాకా కాకూడదట. పార్టీ అడ్డదారి తొక్కమంటే ఆపాలట, వినకపోతే కేసే వదులుకోవాలట. ఆ అబ్బాయిని కాపాడటానికి ఆ ప్రశ్న అక్కర్లేదు. ఖర్చుల లెక్కల్లోనే కేసు సగం కూలింది. వృత్తిధర్మం వద్దంది. మనస్సాక్షి, ఉన్నంతలో, అదీ వద్దనే అని ఉంటుంది. ఏళ్ల తరబడి ఈ రెంటికీ పడదని, మధ్యలో నేను నలిగిపోతున్నానని ఇంటా బయటా చెప్పుకుంటూ వచ్చాను. ఆ రోజు రెండూ ఒకే మాట మీద ఉన్నాయి. నేనే మిర్చిబజ్జీల వైపు ఉన్నాను.

భోగిమంట ఆరేలోపు మా అమ్మాయి బీరువాలోంచి ఆ జాబితా తెచ్చింది. కారణం గడి దగ్గర చాలాసేపు నవ్వింది. నవ్వు ఆగాక, “తాతయ్యని నిజంగా ఎవరూ అడగలేదా?” అంది.

మా నాన్న మాట చెప్పాను.

“అయితే ఇది బహుమతి కాదు నాన్నా, కట్నమే. అడగకుండా ఇచ్చినదానికే మినహాయింపు. నీ జాబితా నిన్ను కాపాడదు.”

“అలాగైతే ఇవ్వడం కూడా నేరమే. మీ తాతయ్యా ముద్దాయే,” అన్నాను. పోయినవాడి మీదికి నెట్టడం ముద్దాయిలందరికీ అలవాటే.

“బాధపడ్డవాడు చెప్పిన మాటని పట్టుకుని అతని మీదే కేసు పెట్టకూడదు. ఏడో సెక్షన్, మూడో సబ్ సెక్షన్.”

“ముప్పై నాలుగేళ్లయింది. కాలదోషం పట్టింది.”

“అదే సెక్షన్, రెండో సబ్ సెక్షన్. ఈ చట్టం కింద నేరాలకి కాలదోషం పట్టదు.” అని, మా ఆవిడ వైపు తిరిగి, “ఆరో సెక్షన్ ఇంకా బాగుంటుందమ్మా. కట్నం ఎవరు పుచ్చుకున్నా అది అమ్మాయి సొత్తే. పెళ్లప్పుడే పుచ్చుకుంటే పెళ్లయిన మూడు నెలల్లో ఆమెకి అప్పగించాలి. అప్పటిదాకా పుచ్చుకున్నవాడు ఆమె తరఫున దాన్ని ధర్మకర్తగా చూసుకుంటున్నట్టు లెక్క,” అంది.

ధర్మకర్త. ఆ డబ్బాలోంచి ఈ మాట ఒకటి ఇంకా తగలనే లేదు నా చేతికి.

చేతక్ మా మెట్ల కింద ఉంది. 2006లో రిజిస్ట్రేషన్ గడువు తీరాక దాన్ని అక్కడికి తోశాను, మళ్లీ తీయలేదు. టైర్లు గాలిపోయి నేలకి పరుచుకున్నాయి. స్టెప్నీ మీద పిల్లి రెండు కాన్పులు అయింది. వేసవిలో సీటు మీద వడియాల పళ్లెం, మిగతా రోజుల్లో హ్యాండిల్ మీద నా తడి తువ్వాలు. లేత నీలం ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం.

మా అమ్మాయి తెల్లకాగితం మీద అప్పగింత పత్రం రాసింది. ఈసారి కారణం గడి పెట్టలేదు. నేను సంతకం చేశాను. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివి, అప్పుడు చేసింది. గారెలకి పిండి రుబ్బుతూ వచ్చింది కాబట్టి కాగితం మీద మినప్పిండి అంటుకుంది.

కేసు వదులుకోలేదు. వదులుకోమని మా అమ్మాయీ అనలేదు, ఇప్పుడు మా ఆవిడ కూడా అనడం లేదు. “అతన్ని కాపాడుకోండి, ఆ పిల్ల జోలికి పోకండి,” అంది, అంతే. సున్నుండల డబ్బా మాత్రం గుమాస్తా చేత తిప్పి పంపించాం. ఖాళీ డబ్బా పంపకూడదు కదా, మా ఆవిడ అందులో అంచుదాకా పంచదార పోసింది. తొమ్మిది రోజుల నా వాటా అయి ఉంటుంది.

ఇవాళ పొద్దున స్నానం చేసి వచ్చి, పాత అలవాటు కొద్దీ తువ్వాలు హ్యాండిల్ మీద వేశాను.

“ఏవండీ,” వంటింట్లోంచి. “అది నా బండి.”

తువ్వాలు తీసేశాను. ఎక్కడ ఆరేసుకోవాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అప్పుడే ఫోను మోగింది. గుమాస్తా.

“కొత్త పార్టీ వచ్చిందండీ. మనస్సాక్షా, వృత్తిధర్మమా?”

తువ్వాలులోంచి నీళ్లు పాదం మీద పడుతున్నాయి. వంటింట్లో చెంచా చప్పుడు ఆగింది.

“ఎంతిస్తానన్నాడు?” అన్నాను.